క్రీముకు ఏది, మిస్ట్‌కు ఏది? ఎమల్సిఫైయర్, సాల్యుబిలైజర్‌లలో ఎంపిక ఎలా

కాస్మెటిక్స్ తయారీ నేర్చుకుంటున్న రోజుల్లో నేను చేసిన మొదటి ఫేస్ మిస్ట్ బాగా గుర్తుంది. వంద గ్రాముల నీళ్లలో అర గ్రాము లావెండర్ నూనె కలవాలి. నా దగ్గర ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ ఉంది. నూనెను నీళ్లలో కలిపేది అదే కదా అనుకుని రెండు గ్రాములు వేడి చేసి కలిపేశాను. ఆ పూటకు పాలలాంటి ద్రవం వచ్చింది. మర్నాటికి సీసా మెడ దగ్గర తెల్లటి పొరలు తేలాయి, స్ప్రే నాజిల్ మూసుకుపోయింది.

కొన్నాళ్లకు దీనికి సరిగ్గా ఎదురు తప్పు చేశాను. ఇరవై శాతం నూనె ఉన్న లోషన్‌లో ఎమల్సిఫైయర్‌కు బదులు పాలిసార్బేట్ 20 అనే సాల్యుబిలైజర్ (కొద్దిపాటి నూనెను నీళ్లలో తేటగా కలిపేది) మాత్రమే వేశాను. రాత్రి బ్లెండర్ ఆపినప్పుడు నున్నగా ఉంది. తెల్లారేసరికి పైన పసుపు రంగు నూనె, కింద మబ్బుగా నీళ్లు.

రెండుసార్లూ నేను వాడింది మంచి పదార్థాలనే. ఒకటి చేయాల్సిన పని ఇంకొకదానికి అప్పజెప్పాను, అంతే. ఈ రెండూ ఒకే కుటుంబంలోవి కాబట్టి ఒకదాని బదులు ఇంకొకటి వాడొచ్చనిపిస్తుంది. చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

## ఒకే అణువు, రెండు రకాల పని

రెండూ సర్ఫాక్టెంట్లే. అణువుకు ఒక కొస నీళ్లను ఇష్టపడుతుంది, రెండో కొస నూనెను ఇష్టపడుతుంది. తేడా అంతా ఏ కొస బలమైనది, అణువులు ఎలా గుమికూడతాయి అన్నదాంట్లో ఉంది.

సాల్యుబిలైజర్‌లో నీటి కొస బాగా పెద్దది. నీళ్లలో ఒక మోతాదు దాటాక ఈ అణువులు తమ నూనె కొసల్ని లోపలికి దాచుకుని చిన్న చిన్న గుంపులు కడతాయి. వాటినే మిసెల్స్ అంటారు. సువాసన నూనె అణువులు ఆ గుంపుల లోపలికి దూరి కూర్చుంటాయి. మిసెల్ సైజు సాధారణంగా కొన్ని నానోమీటర్ల నుంచి కొన్ని పదుల నానోమీటర్ల దాకా ఉంటుంది. మన కంటికి కనిపించే వెలుతురు తరంగాలేమో సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు. అంత చిన్న గుంపులు వెలుతురును పెద్దగా చెదరగొట్టలేవు కాబట్టి ద్రవం తేటగా కనిపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైన మాట: సరైన మోతాదులో చేసిన మిసెల్ ద్రావణం దానంతటదే స్థిరంగా ఉంటుంది. విడిపోవాలన్న ఒత్తిడి దానిమీద ఉండదు.

ఎమల్సిఫైయర్ నూనెను అలా లోపల దాచదు. నూనెను మనం బ్లెండర్‌తో బొట్లుగా పగలగొడతాం. ఎమల్సిఫైయర్ ప్రతి బొట్టు చుట్టూ పొరలా పరుచుకుని, పక్క బొట్టుతో కలిసిపోకుండా అడ్డం నిలుస్తుంది. మామూలు క్రీములో ఆ బొట్లు మైక్రాన్ల సైజులో, అంటే మిసెల్ కన్నా వందల రెట్లు పెద్దగా ఉంటాయి. క్రీము తెల్లగా కనిపించడానికి కారణం అదే. ఇక్కడ స్థిరత్వం తాత్కాలికం. ఇలా బొట్లతో నిండిన మిశ్రమాన్నే ఎమల్షన్ అంటారు, ఏ ఎమల్షన్ అయినా ఎప్పటికైనా విడిపోవాలనే చూస్తుంది. దాన్ని రెండు మూడేళ్లు వాయిదా వేయడమే మన పని.

## ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

పదార్థాల పేర్లు చూడకముందే ఈ ప్రశ్నలకు జవాబు రాసుకోండి. నూనె మొత్తం ఎంత శాతం? చూడటానికి తేటగా ఉండాలా, తెల్లగా ఉన్నా పర్వాలేదా? నూనె ఏ రకం: సువాసన తైలమా, గింజల నుంచి తీసిన నూనెలాంటి బరువైనదా? రాసుకుని వదిలేసేదా, కడిగేసేదా? ఫార్ములాలో ఉప్పులు, ఆమ్లాలు, విద్యుత్ ఛార్జ్ ఉన్న పదార్థాలు ఏమైనా ఉన్నాయా? వేడి చేసే వీలుందా?

వీటిలో మొదటి రెండూ తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే.

| చూడాల్సింది | సాల్యుబిలైజర్ | ఎమల్సిఫైయర్ |
|---|---|---|
| నూనె మోతాదు | సాధారణంగా 1 శాతం లోపు | 5 శాతం నుంచి పైకి |
| కనిపించే తీరు | తేట, లేదా లేత మబ్బు | తెలుపు |
| నూనెతో పోలిస్తే ఎంత కావాలి | నూనెకు 3 నుంచి 10 రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ | నూనెలో నాలుగో వంతు, ఐదో వంతు |
| వేడి | చాలావాటికి అక్కర్లేదు | చాలావాటికి 70–75 డిగ్రీలు |
| బలంగా చిలకడం | అక్కర్లేదు, నెమ్మదిగా కలిపితే చాలు | తప్పనిసరి |
| ఎక్కువైతే ఇబ్బంది | జిగురు, నురగ, చర్మం పొడిబారడం | మైనంలాంటి బరువు, రాస్తే తెల్లగా నురగ తేలడం |

మూడో వరుస దగ్గర కాసేపు ఆగండి. ఎమల్సిఫైయర్ తనకన్నా నాలుగైదు రెట్ల నూనెను మోస్తుంది. సాల్యుబిలైజర్‌కు ఇది తలకిందులు: నూనెకన్నా అదే ఎన్నో రెట్లు ఎక్కువ కావాలి. ఇరవై శాతం నూనెను తేటగా కరిగించాలంటే ఇక సీసాలో నీళ్లకు చోటుండదు. నా లోషన్ విడిపోయింది ఇందుకే.

ఒకటి నుంచి ఐదు శాతం మధ్య నూనె పెట్టాలనుకునేవాళ్లకే నిజమైన టెన్షన్. తేట కావాలంటే జిగురు భరించాలి, జిగురు వద్దంటే తెల్లటి పల్చటి పాలకు ఒప్పుకోవాలి. నన్నడిగితే మూడో దారి చూడమంటాను: ఆ నూనెను తీసేసి, పెగ్-7 గ్లిసరిల్ కోకోయేట్ లాంటి, నీళ్లలో కలిసిపోయే ఎమోలియెంట్ (చర్మాన్ని మెత్తబరిచే పదార్థం) పెట్టండి. ఏదీ కుదరకపోతే రెండు పొరలుగానే ఉంచి, వాడే ముందు ఊపమని చెప్పే ద్రవం చేయొచ్చు. మేకప్ తుడిచే రెండు పొరల ద్రవాలు అలాంటివే. కానీ సువాసన తైలం కలిసిన మిస్ట్‌కు మాత్రం ఈ దారి వద్దు. సరిగా ఊపకపోతే పైన తేలే పలుచన కాని తైలం నేరుగా ముఖం మీద పడుతుంది. చర్మం మండుతుంది, కంట్లో పడితే ఇంకా ప్రమాదం.

## సాల్యుబిలైజర్లలో ఏది

పాలిసార్బేట్ 20. సువాసన తైలాలు, పెర్ఫ్యూమ్ నూనెలకు మొదట ప్రయత్నించాల్సింది ఇదే. దీని హెచ్‌ఎల్‌బి (అణువులో నీటి భాగం, నూనె భాగాల తూకం చెప్పే అంకె, దీని గురించి కింద చెప్తాను) 16.7. చిన్న అణువులున్న నూనెల్ని సులువుగా లోపలికి తీసుకుంటుంది. మోతాదు పెరిగితే చర్మం మీద కొంచెం అంటుకున్నట్టుంటుంది, చేదు వాసన కూడా తెలుస్తుంది.

పాలిసార్బేట్ 80. హెచ్‌ఎల్‌బి 15. ఓలిక్ ఆమ్లం నుంచి వచ్చిన పొడవాటి తోక ఉంది కాబట్టి బరువైన నూనెలతో 20 కన్నా బాగా కుదురుతుంది. నీళ్లు తగలగానే పాలలా మారి కడుక్కుపోయే స్నానపు నూనెల్లో, క్లెన్సింగ్ ఆయిల్స్‌లో వాడతారు. ఆ ఓలిక్ తోకలో ఉన్న డబుల్ బాండ్ వల్ల గాలికి త్వరగా ఆక్సీకరణ చెందుతుంది. మూత బిగించి, వెలుతురు తగలకుండా దాచాలి.

పెగ్-40 హైడ్రోజినేటెడ్ కాస్టర్ ఆయిల్. తేటదనమే ముఖ్యమైతే నా ఓటు దీనికే. పాలిసార్బేట్ 20 మబ్బుగా వదిలేసిన సువాసనల్ని కూడా తరచుగా తక్కువ మోతాదులోనే తేట చేస్తుంది. చల్లటి గదిలో ముద్దలా గట్టిపడుతుంది. సీసాను గోరువెచ్చటి నీళ్లలో పెట్టి కరిగించుకుని వాడాలి.

కాప్రిలిల్/కాప్రిల్ గ్లూకోసైడ్, పాలిగ్లిసరిల్ రకాలు. పెగ్ (పాలిఎథిలీన్ గ్లైకాల్) గొలుసులున్నవి వద్దనుకునేవాళ్లకు ఇవి. పై మూడూ ఎథిలీన్ ఆక్సైడ్‌తో తయారయ్యేవి. ఆ తయారీలో 1,4-డయాక్సేన్ అనే మలినం అతి స్వల్పంగా ఏర్పడుతుంది, దాన్ని వాక్యూమ్‌తో తీసేసి శుద్ధి చేస్తారు. సహజ కాస్మెటిక్స్‌కు గుర్తింపునిచ్చే కాస్మోస్ ప్రమాణం ఇలా తయారయ్యేవాటిని ఒప్పుకోదు. అందుకే ఆ ముద్ర కావాలంటే గ్లూకోసైడ్, పాలిగ్లిసరిల్ వైపే వెళ్లాలి. గ్లూకోసైడ్ నురగ వస్తుంది, కొన్నప్పుడు బాగా క్షారంగా ఉంటుంది కాబట్టి చివర్లో పీహెచ్ సరిచేయాలి. పాలిగ్లిసరిల్ రకాలు పాలిసార్బేట్ కన్నా ఎక్కువ మోతాదు అడుగుతాయి, కొన్ని సువాసనలతో తేట అసలు రాదు. లేత మబ్బును అంగీకరించగలిగితేనే వీటిని ఎంచుకోండి.

సాల్యుబిలైజర్ ఏదైనా మరిచిపోకూడని సంగతి ఒకటుంది. మిసెల్ సువాసనను దాచినట్టే ప్రిజర్వేటివ్‌నూ (సూక్ష్మజీవులు పెరగకుండా ఆపే పదార్థాన్ని) దాచేస్తుంది. పాలిసార్బేట్లు పారాబెన్లు అనే ప్రిజర్వేటివ్‌ల శక్తిని తగ్గిస్తాయన్నది ఎప్పట్నుంచో తెలిసిన విషయం. మిసెల్ లోపలికి వెళ్లిన ప్రిజర్వేటివ్ నీళ్లలో ఉన్న సూక్ష్మజీవి దాకా చేరదు. కాబట్టి సాల్యుబిలైజర్ మోతాదు పెంచాక పాత ప్రిజర్వేటివ్ లెక్క చెల్లుతుందని అనుకోకండి.

## ఆరు సీసాల పరీక్ష

ఏ పట్టికా చెప్పలేని జవాబు ఈ పరీక్ష చెబుతుంది. ఆరు చిన్న గాజు సీసాలు తీసుకోండి. ఒక్కోదాంట్లో మీ సువాసన తైలం 0.2 గ్రాములు. మొదటిదాంట్లో సాల్యుబిలైజర్ వేయకండి, అది పోల్చుకోవడానికి. మిగతావాటిలో వరసగా 0.4, 0.8, 1.2, 1.6, 2 గ్రాములు వేయండి. నీళ్లు పోయకముందే తైలాన్నీ సాల్యుబిలైజర్‌నూ బాగా కలపాలి. వరుస ముఖ్యం. నీళ్లు ముందు తగిలితే తైలం బొట్లుగా విడిపోతుంది, తర్వాత ఎంత కలిపినా అంత తేలిగ్గా లోపలికి వెళ్లదు. ఇక మొత్తం 40 గ్రాములు అయ్యేదాకా నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. అంటే ఇప్పుడు ప్రతి సీసాలో సువాసన అర శాతం.

సీసాల వెనక అచ్చు కాగితం పెట్టి చూడండి. నేను చేసినప్పుడు రెండో సీసాలో అక్షరాలు కనిపించనే లేదు, అంతా తెలుపు. మూడోదాంట్లో అక్షరాలు చదవగలిగాను కానీ ద్రవంలో నీలి ఛాయ ఉంది. బొట్లు బాగా చిన్నవైనా ఇంకా మిసెల్ లోపలికి పూర్తిగా వెళ్లలేదని ఆ నీలిరంగు చెబుతుంది, ఎందుకంటే అంత సన్నటి బొట్లు నీలి వెలుతురును ఎక్కువగా చెదరగొడతాయి. నాలుగోదాంట్లో అక్షరాలు సీసా అడ్డం లేనంత స్పష్టంగా కనిపించాయి. ఆ తైలానికి ఆరు రెట్లు చాలు. నారింజ, నిమ్మ జాతి తైలాలతో ఇంతకన్నా ఎక్కువ అవసరం పడొచ్చు.

తేట సీసాల్ని ఒక రాత్రి ఫ్రిజ్‌లో, తర్వాత 40–45 డిగ్రీల వేడిలో ఉంచి మళ్లీ చూడండి. పెగ్ గొలుసులు ఉన్న పదార్థాలు వేడిలో నీళ్లపై పట్టు కోల్పోతాయి, అందుకే తేటగా ఉన్నది వేడికి మబ్బు పట్టొచ్చు. ఉప్పు ఉంటే ఆ మబ్బు ఇంకా తక్కువ వేడికే వస్తుంది. కాబట్టి చివరి పరీక్ష ఉత్త నీళ్లతో చేయకుండా మీ పూర్తి ఫార్ములాతో చేయండి.

## ఎమల్సిఫైయర్లలో ఏది

ఇక్కడ ముందు హెచ్‌ఎల్‌బి గురించి చెప్పుకోవాలి. అట్లాస్ పౌడర్ కంపెనీలో పనిచేసిన విలియం గ్రిఫిన్ 1949లో దీన్ని ప్రతిపాదించాడు. అణువులో నీటి భాగం, నూనె భాగం ఎంతెంతో 0 నుంచి 20 దాకా ఒక అంకెతో చెప్పే పద్ధతి ఇది. 3–6 మధ్య ఉన్నవి నీటి బొట్లు నూనెలో ఉండే క్రీములకు, 8–16 మధ్య ఉన్నవి నూనె బొట్లు నీళ్లలో ఉండే క్రీములకు, 15 పైన ఉన్నవి సాల్యుబిలైజింగ్‌కు అని స్థూలంగా లెక్క.

రెండు ఎమల్సిఫైయర్లను కలిపి కావాల్సిన అంకె తెప్పించొచ్చు. మినరల్ ఆయిల్‌తో నీళ్ల బేస్ క్రీముకు సుమారు 10 కావాలనుకుందాం. పాలిసార్బేట్ 80 అంకె 15, సార్బిటాన్ ఓలియేట్ అంకె 4.3. మొదటిది 53 శాతం, రెండోది 47 శాతం కలిపితే దాదాపు 10 వస్తుంది. రెండింటిని కలపడంలో ఇంకో లాభం కూడా ఉంది: పెద్ద తలలున్న అణువుల మధ్య సందుల్లో చిన్న తలలున్నవి ఇమిడి, బొట్టు చుట్టూ పొర దట్టంగా అల్లుకుంటుంది.

అయితే ఈ అంకెను దేవుడి మాటలా పట్టుకోకండి. ఇది ఛార్జ్ లేని ఎమల్సిఫైయర్ల కోసం పుట్టిన లెక్క. ఛార్జ్ ఉన్నవాటికి, పాలిమర్లకు సరిగా వర్తించదు. ఎంత మోతాదు వేయాలో అసలే చెప్పదు. కొనే ఎమల్సిఫైయర్ ముందే సమతూకంగా కలిపిన మిశ్రమమైతే మీరు ఈ లెక్కలోకి దిగనవసరమే లేదు.

మొదటిసారి క్రీము చేసేవాళ్లకు నేను చెప్పేది సీటియారిల్ ఆల్కహాల్, పాలిసార్బేట్ 60 కలిసిన ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్. ఇరవై శాతం నూనెకు నాలుగైదు శాతం వ్యాక్స్ సరిపోతుంది. చిన్న పొరపాట్లను క్షమిస్తుంది, మామూలు స్టిక్ బ్లెండర్‌తోనే కుదురుతుంది. మైనంలాంటి స్పర్శ దాని లోపం. గ్లిసరిల్ స్టియరేట్, పెగ్-100 స్టియరేట్ జోడీ కూడా ఇంతే నమ్మకమైనది. ఆమ్లాలు, ఉప్పులు ఉన్న ఫార్ములాల్లో నేను దీన్నే ముందు చూస్తాను.

పెగ్ వద్దు, స్పర్శ బాగుండాలి అంటే సీటియారిల్ ఆలివేట్, సార్బిటాన్ ఆలివేట్ జోడీ ఉంది. ఇది బొట్ల చుట్టూ లిక్విడ్ క్రిస్టల్ అనే పొరల నిర్మాణం కడుతుంది. చర్మం మీద మెత్తగా పరుచుకుంటుంది. కానీ బలమైన చిలకడం అడుగుతుంది. చల్లారేటప్పుడు తొందరపడితే రవ్వలా తయారవుతుంది. నాకు రెండు బ్యాచ్‌లు అలా పోయాక, వాటర్ ఫేజ్‌లో (ఫార్ములాలోని నీటి భాగంలో) 0.2 శాతం జాంథన్ గమ్ వేసి, 40 డిగ్రీల దాకా నెమ్మదిగా కలుపుతూ ఉండటం అలవాటు చేసుకున్నాను.

నెగటివ్ ఛార్జ్ ఉన్న గ్లిసరిల్ స్టియరేట్ సిట్రేట్, సోడియం స్టియరాయిల్ గ్లుటమేట్, పొటాషియం సెటిల్ ఫాస్ఫేట్‌లు తేలికైన లోషన్లకు చాలా బాగుంటాయి. బొట్లన్నిటికీ ఒకే ఛార్జ్ ఉండటం వల్ల ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. ఉప్పులు ఎక్కువైతే, పీహెచ్ బాగా పడిపోతే ఆ నెట్టుడు బలం తగ్గి విరిగిపోతాయి. ఆమ్లాల సీరమ్‌కు వీటిని వాడకండి.

హెయిర్ కండిషనర్ చేసేవాళ్లకు ఎంపిక తేలిక. పాజిటివ్ ఛార్జ్ ఉన్న బెహెన్‌ట్రైమోనియం మెథోసల్ఫేట్, సీటియారిల్ ఆల్కహాల్‌తో కలిసి దొరుకుతుంది. జుట్టు ఉపరితలం నెగటివ్ కాబట్టి కడిగాక కూడా పల్చటి పొర అంటుకుని ఉంటుంది, చిక్కులు విడతాయి. దీనిలో నెగటివ్ ఛార్జ్ పదార్థాలు కలపకూడదు. చిక్కబరిచే జాంథన్ గమ్, కార్బోమర్ కూడా ఆ కోవలోవేనని చాలామందికి తట్టదు.

వేడి చేసే వీలు లేకపోతే పాలిమర్ ఎమల్సిఫైయర్లున్నాయి. అక్రిలేట్స్/సీ10-30 ఆల్కైల్ అక్రిలేట్ క్రాస్‌పాలిమర్ 0.2 నుంచి 0.4 శాతంతోనే జెల్ లాంటి, నీళ్లలా తేలికైన క్రీమునిస్తుంది. పీహెచ్ సరిచేస్తేనే చిక్కబడుతుంది. ఉప్పు పడితే కూలిపోతుంది.

ఇక నూనె బయట, నీళ్లు లోపల ఉండే క్రీములు. చలిగాలికి, బాగా పొడిబారిన చర్మానికి, నీళ్లకు చెదరకూడని వాటికి ఇవే మేలు. 1913లో బాన్‌క్రాఫ్ట్ చెప్పిన సూత్రం ఇక్కడ అక్కరకొస్తుంది: ఎమల్సిఫైయర్ ఏ ద్రవంలో ఎక్కువగా కరిగితే అదే బయటి ద్రవం అవుతుంది. కాబట్టి పాలిగ్లిసరిల్-3 పాలిరిసినోలియేట్ లాంటి నూనెలో కరిగేది కావాలి, నీళ్లను సన్నటి ధారగా నూనెలోకి పోయాలి. వాటర్ ఫేజ్‌లో అర శాతం నుంచి ఒక శాతం మెగ్నీషియం సల్ఫేట్ వేస్తే బాగా నిలుస్తుంది. కొత్తవాళ్లు దీనితో మొదలుపెట్టొద్దని నా సలహా. ధార కాస్త వేగంగా పోసినా మళ్లీ మొదటికే వస్తారు.

తేనెమైనం ఒంటరిగా ఎమల్సిఫైయర్ కాదు. జాంథన్ గమ్ కూడా ఎమల్సిఫైయర్ కాదు, నీళ్లను చిక్కచేసి బొట్లు పైకి తేలడాన్ని ఆలస్యం చేస్తుందంతే. ఈ రెంటినీ నమ్ముకుని పెట్టిన క్రీములు విడిపోయాయని అడిగేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తుంటారు.

## మీరు ఎవరైతే ఏది

టోనర్, మిస్ట్, జెల్ సీరమ్ చేస్తూ సువాసన మాత్రమే కలపాలనుకుంటే సాల్యుబిలైజర్ చాలు. సువాసనను 0.2 శాతానికి దించగలిగితే జిగురు సమస్య సగం పోతుంది. సెన్సిటివ్ చర్మం ఉన్నవాళ్ల కోసమైతే సువాసననే మానేయండి, అప్పుడు సాల్యుబిలైజర్ అవసరమూ ఉండదు. షాంపూ, ఫేస్‌వాష్ చేసేవాళ్లు విడిగా సాల్యుబిలైజర్ కొనకముందు, సువాసనను ఆ ఫార్ములాలోని సర్ఫాక్టెంట్‌లోనే ముందుగా కలిపి చూడండి. అందులో మిసెల్స్ ఇప్పటికే నిండుగా ఉన్నాయి. చాలాసార్లు అదే సరిపోతుంది.

క్రీములో సువాసనకు ప్రత్యేకంగా సాల్యుబిలైజర్ అక్కర్లేదు. 40 డిగ్రీల కింద సువాసన వేస్తే అది ఉన్న నూనె బొట్లలోకే వెళ్తుంది. అదనంగా పాలిసార్బేట్ 20 వేస్తే మేలు జరగకపోగా, ఎమల్సిఫైయర్ సమతూకం చెడి క్రీము పల్చబడొచ్చు.

సన్‌స్క్రీన్ చేయాలనుకునేవాళ్లను మాత్రం ఆపుతాను. అక్కడ ఎమల్సిఫైయర్ ఎంపిక చర్మం మీద పొర ఎంత సమంగా పరుచుకుంటుందో, చెమటకు కరిగి పోతుందో లేదో నిర్ణయిస్తుంది. ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) ఎంతో ల్యాబ్‌లో కొలవకుండా చెప్పలేం.

## విడిపోతే ఏం అర్థం చేసుకోవాలి

పైన చిక్కటి పొర, కింద పల్చటి పొర కనిపించి, కలిపితే మళ్లీ ఒకటైతే బొట్లు ఇంకా బతికే ఉన్నాయి, పైకి తేలాయంతే. బొట్లను ఇంకా చిన్నవి చేయండి: బొట్టు వ్యాసం సగమైతే తేలే వేగం నాలుగో వంతుకు తగ్గుతుంది. లేదా వాటర్ ఫేజ్‌ను కాస్త చిక్కచేయండి. పైన తేట నూనె మెరుస్తూ కనిపించిందంటే బొట్లు పగిలి కలిసిపోయాయి. ఆ బ్యాచ్‌ను మళ్లీ చిలికి లాభం లేదు, ఎమల్సిఫైయర్ మోతాదో రకమో మార్చాలి.

క్రీమును 45 డిగ్రీల్లో కొన్ని వారాలు ఉంచండి. ఇంకో డబ్బాను మూడుసార్లు ఫ్రీజర్‌కూ గదికీ మార్చి చూడండి. వేడిలోనే విడిపోతే మోతాదు తక్కువో, బయటి ద్రవం పల్చనో అయ్యుంటుంది. చలిలోనే రవ్వకడితే ముందు సీటియారిల్ ఆల్కహాల్ లాంటి ఫ్యాటీ ఆల్కహాల్, మైనాల మోతాదును అనుమానించండి. ఒక్కో బ్యాచ్‌లో ఒక్క మార్పే చేసి, తేదీ రాసిన చీటీ ఆ డబ్బా మీద అంటించి పక్కన పెట్టండి.